గుత్తి టంకసాల: నాణెం మీది అచ్చు గుర్తులు, అచ్చు దిద్దుబాట్లు

తొలకరి వాన ఒకటి గట్టిగా పడితే చాలు, అనంతపురం జిల్లా వజ్రకరూరు పరిసరాల చేలలో జనం తల వంచుకొని నేలను వెదుకుతూ తిరుగుతారు. వారి కన్ను వజ్రం మీద. వాన మట్టిని కడిగి రాళ్లను పైకి తేల్చినపుడు ఎక్కడైనా ఒక తళుకు కనబడకపోతుందా అని ఆశ. ఏడాది పొడుగునా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఆ మెట్టసీమలో ఆ ఆశకు అర్థం లేకపోలేదు. అయితే వాన బయటపెట్టేది వజ్రాలను మాత్రమే కాదు. ఒక్కొక్కప్పుడు చిలుము పట్టిన రాగి బిళ్ల ఒకటి చేతికి వస్తుంది. తుడిచి చూస్తే ఒక వైపున ఏనుగు బొమ్మ, రెండవ వైపున ఏవో కొక్కేలు, చుక్కలు. వజ్రం కాదుగదా అని దానిని పారవేసేవారు కొందరు, పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేవారు కొందరు, పాత రాగి ధరకు అమ్ముకొనేవారు కొందరు.

ఆ కొక్కేలలో ఒక ఊరి పేరు ఉన్నది. ఏనుగు వైపున ఒక సంవత్సరం ఉన్నది. ఆ ఊరు చాలసార్లు శ్రీరంగపట్టణం. కాని కొన్ని నాణేల మీద అది వజ్రకరూరుకు తూర్పున, ముప్పై కిలోమీటర్లలోపు దూరంలో ఉన్న గుత్తి. నాణెం మీద ‘గుత్తి’ అన్న మాట మాత్రం కనబడదు. పారసీక లిపిలో ‘ఫైజ్ హిసార్’ అని ఉంటుంది. ఫైజ్ అనగా అనుగ్రహం, సమృద్ధి; హిసార్ అనగా కోట. టిప్పు సుల్తాను గుత్తికి పెట్టిన కొత్త పేరది. చుక్క నీటికోసం ఆకాశం చూసే సీమలోని కోటకు సమృద్ధి కోట అని పేరు పెట్టడం విచిత్రమే. పైగా ఆ కోట అతని తండ్రి చేతికి వచ్చినది నీరు కరవై.

చుట్టూ ఉన్న మైదానానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున నిలిచిన రాతి కొండ గుత్తి. 18వ శతాబ్ది మధ్యకాలంలో అది మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడేకు ముఖ్యస్థానం. హైదర్ అలీ దానిని ముట్టడించి నెలల తరబడి క్రింద కాచుకొని కూర్చున్నాడు. కొండ మీది నీరు తరిగిపోగా 1776లో కోట లొంగిపోయినది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా ఉండి అక్కడే మరణించినాడు. 1782 డిసెంబరులో హైదర్ మరణించగా కోట టిప్పు వశమైనది. 1799లో అతడు పడిపోయిన తరువాత గుత్తి నిజాముకు, 1800లో నిజాము నుండి ఈస్టిండియా కంపెనీకి చేరినది. ఈ పద్దెనిమిది సంవత్సరాల లోపలిదే ఫైజ్ హిసార్ టంకసాల చరిత్ర. యుద్ధాలను గురించి రాసినవారు అనేకులు. టంకసాలలో ఎవరు పనిచేసినారు, ఏ యేడు ఎంత నాణెం కొట్టినారు అన్న సంగతి కావలెనంటే నాణెంనే అడగవలెను. నాణెం జవాబు చెప్పుతుంది, కాని ప్రశ్న సరిగా అడగాలి.

ముందుగా ఆ నాణెం ఎట్లా తయారైనదో తెలియవలెను. ఆ కాలంలో యంత్రం లేదు, సమ్మెట దెబ్బయే యంత్రం. తూకం చూసి కత్తిరించిన రాగి బిళ్లను దాగలిలో దిగగొట్టిన క్రింది అచ్చు మీద ఉంచేవారు. చేతితో పట్టుకొన్న పై అచ్చును దానిపై నిలిపి సమ్మెటతో ఒక దెబ్బ వేసేవారు. బిళ్లకు ఒకేసారి బొమ్మ, బొరుసు రెండూ పడేవి. బిళ్ల అచ్చుకంటె చిన్నదిగా ఉండడం మన దేశంలో పరిపాటి. అందువల్ల అచ్చు మీద పూర్తిగా ఉన్న రాత నాణెం మీద సగమే పడుతుంది. చెయ్యి కాస్త కదిలితే ఊరి పేరు బిళ్ల అంచు దాటి పోతుంది. ఒకే అచ్చు నుండి వచ్చిన ఐదారు నాణేలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే, ఒకదానిలో లేని ముక్క ఇంకొకదానిలో దొరికి, మొత్తం రాత కూడివస్తుంది. ఒంటరి నాణెంకంటె గుంపుగా దొరికిన నాణేలకు విలువ ఎక్కువ కావడానికి ఇది ఒక కారణం.

సమ్మెట దెబ్బ నేరుగా తగిలేది పై అచ్చుకు కనుక అదే ముందు పగులుతుంది. ఒక క్రింది అచ్చు అరిగేలోపల రెండు మూడు పై అచ్చులు మారవచ్చును. ఒక ఏనుగు అచ్చుతో రెండు వేరువేరు రాత అచ్చులు, ఆ రెండవ రాత అచ్చుతో మరొక ఏనుగు అచ్చు జతపడినట్లు తేలితే, గొలుసు లంకెల వలె నాణేల వరుస ఏర్పడుతుంది. అచ్చు మీద పడ్డ పగులు నాణెం మీద ఉబ్బెత్తు గీతగా వస్తుంది. ఆ గీత ఏ నాణెంలో చిన్నదో అది ముందుది, ఏ నాణెంలో పెద్దదో అది వెనుకటిది. కాగితం మీద ఒక్క మాట లేకపోయినా టంకసాల పని జరిగిన క్రమం ఈ విధంగా తెలుస్తుంది.

ఇప్పుడు ఊరి పేరు సంగతి. టిప్పు తన కోటలకు, పట్టణాలకు చాలవాటికి పేర్లు మార్చినాడు. గుర్రంకొండ జఫరాబాదు అయినది. చిత్రదుర్గం ఫర్రుఖ్‌యాబ్ హిసార్ అయినది. కళ్లికోట దగ్గర కట్టించిన కొత్త కోట పేరు ఫర్రుఖీ. ధార్వాడ ఖుర్షీద్ సవాద్. శ్రీరంగపట్టణం మాత్రం నాణేల మీద పటన్‌గానే ఉన్నది. వీటిలో గుత్తి నాణేనికి పెద్ద చిక్కు చిత్రదుర్గంతో వస్తుంది. రెండూ హిసార్‌లే, రెండింటి మొదటి అక్షరం ‘ఫే’యే. అరిగిపోయిన పైసా మీద ‘హిసార్’ అన్న మాట, దాని ముందు ఫే అక్షరపు చుక్క మాత్రం మిగిలితే అది ఏ ఊరిది? గుత్తిలో దొరికినది కాబట్టి గుత్తిదే అనడం తేలిక, కాని నాణెం కాళ్లు లేకపోయినా నడుస్తుంది. దొరికిన చోటు సాక్ష్యమే, తీర్పు కాదు.

తీర్పు అక్షరాలలో ఉన్నది. పారసీక లిపి చదవరానివారు సైతం దీనిని పట్టవచ్చును. ఆ లిపిలో ‘అలిఫ్’ అనే అక్షరం నిలువు గీత. ‘ఫైజ్ హిసార్’ అన్న రెండు మాటలలో అది ఒక్కసారే, హిసార్ అన్న మాటలో వస్తుంది. ‘ఫర్రుఖ్‌యాబ్ హిసార్’లో రెండుసార్లు, యాబ్‌లో ఒకటి, హిసార్‌లో ఒకటి వస్తుంది. అంతే కాదు. ‘ముద్రించినది’ అనే అర్థంలో ఊరి పేరుకు ముందు వచ్చే ‘జర్బ్’ అన్న మాట ‘జ్వాద్’ అనే అక్షరంతో మొదలవుతుంది; సాగదీసిన కోడిగ్రుడ్డు వంటి చుట్ట దాని రూపం. ఫైజ్ అన్న మాట చివర ఉన్నదీ ఆ అక్షరమే. హిసార్ నడుమ ఉన్న ‘స్వాద్’ కూడా చుక్క లేని అదే చుట్ట. కనుక గుత్తి నాణెం మీద ఆ చుట్టలు మూడు, చిత్రదుర్గం నాణెం మీద రెండు. నిలువు గీతలు తక్కువ, చుట్టలు ఎక్కువ అయితే గుత్తి; గీతలు ఎక్కువ, చుట్టలు తక్కువ అయితే చిత్రదుర్గం. సగం అరిగిన నాణెం మీద సైతం ఈ లెక్క చాలవరకు నిలుస్తుంది.

బొమ్మ వైపున ఉన్న ఏనుగు టిప్పు కల్పించినది కాదు. రాగి నాణెం మీద దానిని హైదర్ అలీ తన చివరి రోజులలో, హిజ్రీ 1195లో ప్రవేశపెట్టినాడు. టిప్పు కాలంలో అది రాజ్యంలోని టంకసాలలన్నింటికి వ్యాపించినది. కొన్ని అచ్చులలో ఏనుగు కుడికి నడుస్తుంది, కొన్నింటిలో ఎడమకు. కొన్నింటిలో తొండం ఎత్తి ఉంటుంది. శ్రీరంగపట్టణపు అచ్చులలో దాని నడక నిజమైన ఏనుగును చూసి గీసినట్లుంటుంది. బయటి టంకసాలల అచ్చులలో కొన్ని చోట్ల అది ఏనుగో, పందియో అనిపించినా ఆశ్చర్యం లేదు. అచ్చు చెక్కినవాని చేతివాటం కూడా ఒక గుర్తే. ఊరి పేరు పూర్తిగా చెరిగిపోయిన నాణేన్ని ఏనుగు కాళ్లను బట్టి ఫలానా అచ్చుదని గుర్తించడం అలవాటైన కంటికి అసాధ్యం కాదు.

ఈ పైసా బరువు సుమారు పదకొండున్నర గ్రాములు. తరువాతి సంవత్సరాలలో టిప్పు నాణేలకు పేర్లు కూడా పెట్టినాడు. బంగారు, వెండి నాణేలకు మతపురుషుల పేర్లు. రాగి నాణేలకు ఎక్కువగా ఆకాశంలోని పేర్లు: పైసా జోహ్రా, అనగా శుక్రుడు; అర పైసా బహ్రామ్, అనగా కుజుడు; కాలు పైసా అఖ్తర్, అనగా నక్షత్రం; అందులో సగం కుత్బ్, అనగా ధ్రువుడు. రెండు పైసాల నాణెం మొదట ఉస్మానీ, తరువాత ముష్తరీ, అనగా బృహస్పతి. సంతలో ఉప్పు, మిరపకాయలు కొనే చేతులలో శుక్రుడూ కుజుడూ తిరిగినారన్నమాట. అయితే ఆ పేర్లతో ఎవరైనా పిలిచినారో లేదో అనుమానమే. పైసాను పైసా అనే అని ఉంటారు.

అసలు చిక్కు, అసలు రుచి కూడా, సంవత్సరపు అంకెలలో ఉన్నవి. రాజ్యానికి వచ్చిన మొదటి సంవత్సరాలలో టిప్పు హిజ్రీ శకాన్నే వాడినాడు. నాణేల మీద 1197 మొదలు 1200 దాకా, అటుపైన కొద్దిగా, ఆ అంకెలు మామూలుగా ఎడమ నుండి కుడికి ఉంటవి. 1787లో అతడు మౌలూదీ అనే కొత్త శకం ప్రారంభించినాడు. ప్రవక్త జన్మసంవత్సరం నుండి లెక్కించినదని దాని అర్థం. మొదట నాణేలకెక్కిన సంవత్సరం 1215. శకంతో పాటు అంకెలు రాసే దిక్కును కూడా అతడు మార్చినాడు. అక్షరాల వలెనే అంకెలను కుడి నుండి ఎడమకు చెక్కించినాడు. ఈ సంగతి తెలియనివాడు 1215ను 5121 అని చదువుతాడు. ఇంకా మూడువేల సంవత్సరాలు గడిస్తేగాని రాని నాణెం చేతిలో ఉన్నదని అబ్బురపడతాడు.

పేరుకు మౌలూదీ అయినా ఆ క్యాలెండరు మన పంచాంగమే. చాంద్రమాసాలు, అధికమాసాలు, చైత్రంతో ఏడాది మొదలు కావడం, అన్నీ అవే. నెలల పేర్లు మాత్రం వేరు. టిప్పు లేఖలను 1811లో లండనులో ప్రచురించిన విలియం కర్క్‌ప్యాట్రిక్ ఈ లెక్కను వివరించినాడు. ప్రభవాది అరవై సంవత్సరాల చక్రాన్ని కూడా టిప్పు ఉంచుకొన్నాడు. ఆ అరవైకి తానే పేర్లు పెట్టినాడు. ఆ పేరులోని అక్షరాల విలువలు కూడితే చక్రంలో ఆ సంవత్సరపు వరుససంఖ్య వచ్చేటట్లు పేర్లు కల్పించడం అందులో చమత్కారం. మన కటపయాది సంఖ్యల వంటిది ఈ పద్ధతి.

మొదట వాడినది అరబ్బుల ప్రాచీనమైన ‘అబ్జద్’ లెక్క. హిజ్రీ 1198 నాణేల మీద ‘అజల్’ అని ఉంటుంది. అలిఫ్‌కు 1, జేకు 7, లామ్‌కు 30, మొత్తం 38. ప్రభవ నుండి లెక్కిస్తే 38వది క్రోధి, 1784–85 క్రోధియే. 1199 మీద ఉన్న ‘జలో’ 39, విశ్వావసు. 1200 మీది ‘దలో’ 40, పరాభవ. మౌలూదీ శకంతో ఈ లెక్కను కూడా అతడు మార్చి, అక్షరమాల వరుసనే విలువలుగా తీసుకొన్నాడు. అప్పుడు అలిఫ్ 1, బే 2, తే 3. ఆ వరుసలో జీమ్ 5, దాల్ 8, రే 10, జే 20. ‘జబర్జద్’ అన్న పేరులో జే, బే, రే, జీమ్, దాల్ ఉన్నవి: 20, 2, 10, 5, 8; మొత్తం 45. అది విరోధికృతు, 1791–92, మౌలూదీ 1219. పాత లెక్క ప్రకారం కూడితే మొత్తమంతా తప్పుతుంది, ఎందుకంటే ఒక్క జేకే అక్కడ 7, ఇక్కడ 20. నాణెం మీద అంకె చెరిగి పేరు మిగిలినా, పేరు చెరిగి అంకె మిగిలినా, ఒకదానిని బట్టి రెండవదానిని సరిచూడవచ్చును. రాగి మీద ఈ సంవత్సరనామాలు లేవు. కాని చివరి సంవత్సరాల రాగి నాణేల మీద అలిఫ్, బే, తే, సే అని అక్షరమాల వరుసలో ఒక్కొక్క అక్షరం కాలసూచకంగా కనబడుతుంది.

ఇక తప్పులు. అచ్చు చెక్కేవాడు అద్దంలోని ప్రతిబింబం వలె తిరగేసి చెక్కాలి. అప్పుడే నాణెం మీద రాత తిన్నగా పడుతుంది. ఆ అంకెలలో 1 నిలువు గీత. 2 అనగా ఆ గీత తలకు కుడి వైపున ఒక కొక్కెం. 3 అనగా రెండు కొక్కేలు. 6 అనగా గీత తలకు ఎడమ వైపున ఒక కొక్కెం. అనగా 2, 6 ఒకదానికొకటి అద్దపు బింబాలు. 7 పైకి తెరిచిన పంగల కర్ర. 8 అదే పంగల కర్ర తలక్రిందులుగా. 5 వలయం, సున్న చుక్క. తిరగేసి చెక్కడం మరచిన పనివాడు ఏమి చేస్తాడు? అంకెల వరుస తారుమారవుతుంది, దానితో పాటు 2 కాస్తా 6 అవుతుంది. ఇక్కడ మన చేతికి ఒక సూక్ష్మమైన పరీక్ష దొరుకుతుంది. కుడి నుండి ఎడమకు ఉన్న సంవత్సరం టిప్పు ఆజ్ఞ వల్ల వచ్చినదా, పనివాని మరపు వల్ల వచ్చినదా అని సందేహం కలిగితే 2 అంకెను చూడవలెను. దాని కొక్కెం కుడికి ఉంటే ఆజ్ఞ; ఎడమకు తిరిగితే మరపు.

చెక్కిన తప్పును దిద్దడం ఎట్లా? కాగితం మీద అయితే కొట్టివేసి రాస్తాము. ఉక్కు మీద ఆ వీలు లేదు. అచ్చులో అంకె పల్లంగా ఉంటుంది. పల్లాన్ని ఇంకా తవ్వవచ్చును గాని పూడ్చడం కష్టం. చుట్టూ ఉన్న లోహాన్ని కొట్టి, నొక్కి, నున్నచేసి పైన కొత్త అంకె చెక్కుతారు. ఎంత చేసినా పాత గాడి అడుగు కొంత మిగిలిపోతుంది. ఆ మిగిలిన గాడిలోకి రాగి దూరి నాణెం మీద వెంట్రుక మందాన గీతగా పైకి తేలుతుంది. కొత్త అంకె వెనుక పాత అంకె నీడ వలె నిలుస్తుంది. దీనినే అచ్చు దిద్దుబాటు అంటారు. చేర్పు తేలిక, తీసివేత కష్టం అన్న ఈ ఒక్క సూత్రం నుండి ఏ దిద్దుబాట్లు ఎదురుచూడవచ్చునో ముందే చెప్పవచ్చును. 1221 అచ్చును 1222గా మార్చడానికి ఒక కొక్కెం చాలు. 1222ను 1223 చేయడానికి ఇంకొక కొక్కెం. ఇటువంటి దిద్దుబాటు నీడ కూడా మిగల్చదు. కొక్కెం కాస్త పలుచగానో, లోతు తేడాగానో ఉండడమే దాని జాడ. 1215 వలయాన్ని 1216 చేయాలంటే మాత్రం వలయాన్ని పూడ్చవలసినదే; అక్కడ నీడ తప్పదు.

నీడ కనబడినంత మాత్రాన దిద్దుబాటు అనుకోరాదు. దెబ్బ రెండుసార్లు పడి బిళ్ల నడుమ కాస్త జరిగితే అంకెలన్నీ జంటగా పడతవి. పాత నాణేన్నే బిళ్లగా వాడి కొత్త అచ్చు కొడితే పాత రాత అడుగున మిగులుతుంది. వీటిని వేరుచేసే ఉపాయం చాల సులభమైనది, శాస్త్రానికి సమ్మతమైనది కూడా: రెండవ నాణెం చూడవలెను. అదే అచ్చు నుండి వచ్చిన మరొక నాణెంలో అదే నీడ అదే చోట ఉంటే అది అచ్చులోని దిద్దుబాటు. ఆ ఒక్క నాణెంలోనే ఉంటే అది దెబ్బలోని పొరపాటు. అమెరికాలో 1942లో వెలువడిన కొన్ని పది సెంట్ల నాణేల మీద 2 అంకె క్రింద 1 కనబడుతుంది. 1941, 1942 ముద్రలు రెండూ ఒకే అచ్చుకు పడడం వల్ల అట్లా జరిగినది. అది అచ్చులోని దోషమని తెలిసినది, ఒకటి కాక అనేక నాణేలలో అదే తీరున ఉండడం వల్లనే. యంత్రాలున్న కాలంలోనే ఇట్లా జరిగితే, గుత్తి కొండ క్రింద సమ్మెట పట్టినవానిని తప్పుపట్టేదేమున్నది?

ఈ పరీక్షలన్నీ నిశితంగా సాగినది చివరి కాలపు రోమను బంగారు నాణేల విషయంలో. క్రీ. శ. 4వ శతాబ్ది మొదట కాన్‌స్టంటీన్ చక్రవర్తి ‘సాలిడస్’ అనే నాణెం ప్రవేశపెట్టినాడు. ఒక రోమను పౌను బంగారానికి 72 నాణేలు. ఒక్కొక్కటి సుమారు నాలుగున్నర గ్రాములు. బొరుసు వైపు అడుగున ‘కానోబ్’ అని ఐదు అక్షరాలుంటవి. మొదటి మూడు కాన్‌స్టాంటినోపుల్ నగరం. చివరి రెండు శుద్ధిచేసిన బంగారాన్ని సూచించే మాటకు సంక్షేపం. ఆ రెండు అక్షరాలు గ్రీకు లెక్కలో 72 కూడా అవుతవి. థెస్సలొనీకా నగరపు నాణెం మీద అక్కడ ‘టెసోబ్’ అని ఉంటుంది. ఇది గాక రాత చివర ఒక గ్రీకు అక్షరం ఉంటుంది. కాన్‌స్టాంటినోపుల్ టంకసాలలో పది పనిశాఖలు. ఏ శాఖ కొట్టిన నాణేనికి ఆ శాఖ అక్షరం. బంగారం తగ్గితే ఎవరిని పట్టుకోవలెనో ప్రభుత్వానికి తెలియడానికి చేసిన ఏర్పాటిది. ఒక శాఖకై చెక్కిన అచ్చు మరొక శాఖకు చేరినపుడు పాత అక్షరం మీదనే కొత్త అక్షరం చెక్కేవారు. ఆ దిద్దుబాటు జాడను బట్టి ఏ శాఖ అచ్చు ఏ శాఖకు పోయినదో నేటి పరిశోధకులు పోల్చుకొంటున్నారు. అయితే ‘కానోబ్’ అని ఉన్నదల్లా కాన్‌స్టాంటినోపుల్‌ది కాదు. ఇతర చోట్ల కూడా ఆ అక్షరాలను కొట్టినారు. దక్షిణ భారతంలో సాలిడస్‌లతో పాటు వాటిని చూసి ఇక్కడే చేసిన అనుకరణలు కూడా దొరికినవి. లిపి రానివాని చేతిలో ఆ ఐదు అక్షరాలు వట్టి గీతలైపోయినవి. ఆ గీతలే మనవాని సంతకం.

బంగారానికి ఒక గొప్పతనం, ఒక దౌర్భాగ్యం రెండూ ఉన్నవి. మట్టిలో వేయి సంవత్సరాలున్నా దానికి చిలుము పట్టదు. వెంట్రుకంత గీత కూడా చెదరదు. కాని మట్టిలో నుండి బయటికి వచ్చిన మరునాడే అది మూసలోకి పోవచ్చును. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలి పాడుబడిన చిన్న గుడి ఆనవాళ్లకు తగిలినది. క్రింద ఒక కుండ. కుండలో రోమను బంగారు నాణేలు. పాత బంగారమని అమ్మివేయగా చాలవరకు కరిగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమ్రా ముప్పైకి పైగా నాణేలను సంపాదించి దాచినాడు. మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని గురించి రాసిన లేఖ ఏషియాటిక్ సొసైటీ పరిశోధనల రెండవ సంపుటంలో, 1790లో అచ్చయినది. ట్రాజన్, హాడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి అందులో ఉన్నవని మనకు తెలిసినది ఆ మిగిలిన ముప్పైని బట్టి. కరిగినవాటితో బంగారం పోలేదు. అది ఏ మెడలోనో, ఏ చేతికో ఉన్నది. పోయినది రాత.

రాగికి కరిగించే భయం తక్కువ. దాని శత్రువు చింతపండు. చిలుము పట్టిన పైసా దొరికిన వెంటనే చింతపండు పెట్టి తోమడం మన ఇండ్లలో సహజమైన పని. పూజగదిలో రాగి చెంబును తోమినట్లే. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. అయితే రెండు వందల సంవత్సరాలు మట్టిలో ఉన్న రాగి పైపొర చాలవరకు చిలుముగానే మారిపోయి ఉంటుంది. అచ్చులో ఉన్న సన్నని గీతలు ఆ పొరలోనే నిలిచి ఉంటవి. పొర కరిగితే వాటితోపాటు దిద్దుబాటు నీడ, పగులు గీత, ఫే మీది చుక్క, అన్నీ పోతవి. మిగిలేది ఎర్రగా మెరిసే, ఏమీ చెప్పని బిళ్ల. మంచినీటిలో నానబెట్టి మెత్తని కుంచెతో మట్టి తీసి, ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూడడమే తగిన పద్ధతి. వెలుతురు నిలువుగా పడితే సన్నగీత కనబడదు. ఉదయపు ఎండ ప్రక్కగా పడినపుడు దాని నీడ అదే బయటపడుతుంది. దొరికిన నిధి విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు తెలుపవలెనని 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం శాసిస్తున్నది. ఆ చట్టంకంటె ముందు చింతపండు పనిచేస్తుందన్నదే విచారం.

గుత్తి నాణేలతో సహా టిప్పు నాణేలను టంకసాలల వారీగా, సంవత్సరాల వారీగా కూర్చి జె. ఆర్. హెండర్సన్ రచించిన గ్రంథం 1921లో మద్రాసులో వెలువడినది. ఆయన మద్రాసు మ్యూజియం అధికారి. ఈ నాణేలను పరిశీలించేవారికి ఇప్పటికీ అది మొదటి మెట్టు. దానిని పట్టుకొని నాణేల పెట్టె ముందు కూర్చొన్నవారు ఒక సంవత్సరం దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అది 1221.

కుడి నుండి ఎడమకు రాసినా, ఎడమ నుండి కుడికి రాసినా 1221 ఒకటే. మౌలూదీ సంవత్సరాలలో ఈ లక్షణమున్నది దానికొక్కదానికే. కనుక దిక్కును బట్టి తప్పు పట్టే సాధనం అక్కడ పనిచేయదు. టిప్పు కాలపు చివరి సంవత్సరం 1227. నాణెం మీద అది ఎడమ నుండి చూస్తే 7, 2, 2, 1గా ఉంటుంది. సిద్ధార్థి నామ సంవత్సర ఉగాది 1799 ఏప్రిల్ మొదటి వారంలో వచ్చినది. శ్రీరంగపట్టణం కోట పడి టిప్పు మరణించినది మే 4న. నడుమ ఉన్నది ఒక్క నెల. అచ్చు ముందుగా చెక్కి ఉంచినా, 1227 అంకెతో అతని టంకసాలలు నాణెం కొట్టగలిగినది ఆ నెల రోజులే. ఆ నెలలో గుత్తి కోట ఇంకా మైసూరు వారిదే.

7 అంకె పంగలోని ఒక కొమ్మ అరిగిపోతే మిగిలేది ఒక గీత, అనగా 1. అప్పుడు 7221 కాస్తా 1221 అవుతుంది. ఏ అనుమానానికీ తావివ్వక, ఆరు సంవత్సరాల ముందటి నాణేల నడుమ సర్దుకొని కూర్చుంటుంది. కనుక ఫైజ్ హిసార్ పైసా మీద 1221 అని కనబడితే ఎడమ చివరి గీతను ఒకసారి ఏటవాలు వెలుతురులో చూడవలెను. ఆ గీత నిటారుగా ఉంటే అది 1793–94 నాటిది. ప్రక్కకు ఒరిగి, దాని పాదం దగ్గర రెండవ కొమ్మ మొదలైన జాడ ఏ మాత్రం ఉన్నా, కాలసూచకమైన అక్షరం ఎక్కడైనా మిగిలినదా అని బిళ్ల అంతా వెదకవలెను. అదే అచ్చు నుండి వచ్చిన రెండవ నాణేన్ని కూడా వెదకవలెను.